ప్లస్‌ని మైనస్‌కి కలిపితేనే కరెక్టు!

"పోలారిటీకి, ఫేజ్‌కి తేడా ఏంటి?"

బెంగళూరులో ఒక ఆడియో కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మూడో ప్రశ్న ఇది. చేతిలో ఈసీఈ డిగ్రీ ఉంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మంచి మార్కులున్నాయి. ఇంత ఈజీ ప్రశ్నా అనుకుని, "రెండూ ఒకటే సార్. పోలారిటీ మారిస్తే 180 డిగ్రీల ఫేజ్ షిఫ్ట్ వస్తుంది" అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర?" అని మాత్రం అడిగారు. నేను ఫ్యాన్ వైపు చూశాను. తర్వాతి ప్రశ్నలన్నీ మర్యాద కోసం అడిగినవే. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

దానికి జవాబు నాకు మా ఊళ్లో, బావ కారు డిక్కీలో దొరికింది. మీరు ఈసీఈ అయినా, ఈఈఈ అయినా, మెకానికల్ అయినా ఆ కథ మీకు పనికొస్తుంది. సబ్‌ఊఫర్ల మీద మోజు లేకపోయినా ఫర్వాలేదు. ఇందులో ఉన్న ఫిజిక్స్ ఇంటర్వ్యూ గదిలో చాలా వేషాల్లో ఎదురవుతుంది.

బావ కారులో బేస్ పోయింది

మాది బిట్రగుంట. నెల్లూరు, కావలి మధ్య రైలు మార్గంలో ఉన్న ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇక్కడి లోకో షెడ్డుకి పెద్ద పేరు. ఇప్పుడా ఇంజన్లు లేవు కానీ, రైల్వే వాసన ఊరిని ఇంకా వదల్లేదు. ఏ ఇంట్లో చూసినా రైల్వే కథ ఒకటి వినిపిస్తుంది. మా తాతయ్య షెడ్డులో ఫిట్టరు. ఆయన చెప్పిన ఒక సంగతి తర్వాత చెబుతాను, గుర్తుంచుకోండి.

ఆ ఇంటర్వ్యూ పోయిన సంవత్సరమే సంక్రాంతికి ఇంటికెళ్లాను. బావ కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌లో రెండు 12 అంగుళాల సబ్‌ఊఫర్లు బిగించుకున్నాడు. అంతకుముందు ఒకటే ఉండేది. రెండోదానికి పది వేల పైచిలుకు పెట్టాడు. నన్ను చూడగానే మొదటి మాట, "ఏందిరా ఇది? రెండు పెడితే, ఒకటి పెట్టినప్పుడు వచ్చినంత గూడా రావట్లేదే!"

ఆ బాక్సు కథ కొంచెం చెప్పాలి. డిక్కీలో ఎడమవైపు వీల్ ఆర్చ్ లోపలికి పొడుచుకొచ్చి ఉంది. అందుకని బాక్సుకి అటువైపు లోతు తక్కువ. ఊఫర్‌ని మామూలుగా బిగిస్తే వెనకున్న మాగ్నెట్ బాక్సు గోడకి తగులుతుంది. కావలి కార్ డెకార్ షాపువాళ్లు కుడివైపు ఊఫర్‌ని మామూలుగా, ఎడమవైపుదాన్ని తిరగేసి బిగించారు. అంటే కోన్ మొహం బాక్సు లోపలికి, మాగ్నెట్ బయటికి. దీన్నే ఇన్వర్టెడ్ మౌంటింగ్ అంటారు. ఇందులో తప్పేం లేదు. లోతు తక్కువున్నచోట ఇది మంచి ఉపాయం. మాగ్నెట్ బయట ఉంటుంది కాబట్టి అది ఆక్రమించే చోటు బాక్సులో గాలికి మిగులుతుంది, గాలి తగిలి చల్లగానూ ఉంటుంది. చూడ్డానికి కూడా బాగుంటుందని కొందరు కావాలనే అలా బిగించుకుంటారు. జాగ్రత్తలు రెండు. సామాను పెట్టేటప్పుడు మాగ్నెట్‌కి, టెర్మినల్స్‌కి దెబ్బ తగలకూడదు. కోన్ అంచున ఉండే రబ్బరు సరౌండ్ ముందుకి ఉబ్బినప్పుడు చెక్కకి తగలకుండా మధ్యలో ఒక రింగ్ వేయాలి.

షాపు మేస్త్రీ తీర్పు అప్పటికే వచ్చేసింది: "ఆంప్ చాలట్లేదు, పెద్దది వేయించుకో." బావ డబ్బులు సర్దుకునే పనిలో ఉన్నాడు. ఇంజినీరు మరిది వచ్చాడు కదా, ఒకసారి చూపిద్దామనుకున్నాడు. నేనూ గంటసేపు కుస్తీ పట్టాను. గెయిన్ పెంచాను, బేస్ బూస్ట్ పెంచాను, స్టీరియోలో ఈక్వలైజర్ మార్చాను. వైర్లు చూశాను. ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి రెండిటిలోనూ చక్కగా ఉన్నాయి. చివరికి నేనూ అదే మాట అన్నాను, "ఆంప్ వీకేమో బావా."

అప్పుడు కలగజేసుకున్నాడు ఒక తమ్ముడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, ఆ కావలి షాపులోనే హెల్పర్‌గా చేస్తున్నాడు. ఇల్లు మా వీధిలోనే. "అన్నా, పాట పెట్టి కోన్ చూడు" అన్నాడు.

చూశాను. కుడివైపు కోన్ బాగా ఊగుతోంది. ఎడమవైపు బాస్కెట్ సందుల్లోంచి చూస్తే అదీ ఊగుతోంది. ఒక్క ఊఫర్ ఉన్నప్పటికంటే ఎక్కువగా ఊగుతున్నాయి. శబ్దం మాత్రం లేదు.

"పవర్ రాకపోతే ఇంతగా ఊగదు గదన్నా. ఆంప్ బాగానే పనిచేస్తోంది. ఊగిన ఊపు ఎక్కడికి పోతోందో చూడాల."

ఇంజినీరింగ్ అంటే ఇదే. నేను నాబ్‌లు తిప్పుతూ కూర్చున్నాను. అతను, ఉన్న లక్షణాన్ని బట్టి ఏది కారణం కాదో ముందు తేల్చాడు.

చిన్న బ్యాటరీ చెప్పిన నిజం

తర్వాత చేసింది చాలా సింపుల్. ఆంప్ ఆఫ్ చేసి, స్పీకర్ వైర్లు ఆంప్ దగ్గర పూర్తిగా పీకేశాడు. ఇది మర్చిపోకండి. ఆంప్‌కి కలిపే ఉంచి బ్యాటరీ పెడితే దాని ఔట్‌పుట్ స్టేజ్ పోవచ్చు. తర్వాత 9 వోల్టుల చిన్న బ్యాటరీ తీసుకున్నాడు. కుడి ఊఫర్‌కి వెళ్లే ఎర్ర వైరుకి బ్యాటరీ ప్లస్, నల్ల వైరుకి మైనస్ ఒక్క క్షణం తాకించాడు. కోన్ మా వైపు తోసుకొచ్చింది. ఎడమ ఊఫర్‌కీ అలాగే తాకించాడు. దాని కోన్ బాక్సులోకి వెళ్లింది.

"రెండూ ప్లస్‌కి ప్లస్సే కలిపి ఉండాయి. రెండూ కరెక్టే. అందుకే తప్పైంది" అన్నాడు.

ఎందుకలా జరుగుతుంది? స్పీకర్ ప్లస్ టెర్మినల్‌కి పాజిటివ్ వోల్టేజ్ ఇస్తే కోన్ మాగ్నెట్‌కి దూరంగా కదలాలన్నది ఇప్పటి మామూలు పద్ధతి. ఇక్కడ 'దూరంగా' అనేది మాగ్నెట్‌ని బట్టే. మీ సీటు ఎటుందో, బాక్సు ఎటుందో ఊఫర్‌కి తెలియదు. మామూలుగా బిగించినప్పుడు మాగ్నెట్‌కి దూరం అంటే బాక్సు బయటికి. తిరగేసి బిగిస్తే మాగ్నెట్‌కి దూరం అంటే బాక్సు లోపలికి. ఒకే సిగ్నల్ ఇస్తే ఒకటి కారులోని గాలిని నెడుతుంది, రెండోది లాగుతుంది. ఇద్దరూ కష్టపడుతున్నారు, పని సున్నా.

ఇక్కడే మా తాతయ్య మాట గుర్తొచ్చింది. ఆవిరి ఇంజన్‌కి ముందు పొగగొట్టం, వెనక బొగ్గు మోసే టెండర్. షెడ్డులో టర్న్‌టేబుల్ మీద ఇంజన్‌ని తిప్పే వీలు లేనప్పుడు టెండర్ ముందుకి పెట్టి కూడా రైలు లాగేవాళ్లు. అలాంటప్పుడు మద్రాసు వైపే వెళ్లాలన్నా డ్రైవరు రివర్సింగ్ లివర్‌ని వెనక్కి వేయాలి. ఒక రైలుకి రెండు ఇంజన్లు కట్టి, ఒకటి తిరగబడి ఉందనుకోండి. ఇద్దరు డ్రైవర్లూ "ఫార్వర్డ్" అని లివర్ వేస్తే కప్లింగ్ దగ్గర టగ్ ఆఫ్ వార్ మొదలవుతుంది. తిరగబడిన ఇంజన్ డ్రైవరు లివర్‌ని వెనక్కి వేస్తేనే రెండూ ఒకే వైపు లాగుతాయి. మా తమ్ముడు చేసింది కూడా అంతే. ఎడమ ఊఫర్ దగ్గర వైర్లు మార్చాడు. ఎర్రది మైనస్‌కి, నల్లది ప్లస్‌కి. మళ్లీ బ్యాటరీ తాకిస్తే రెండు కోన్లూ కలిసి బయటికొచ్చాయి.

పాట పెట్టగానే నంబర్ ప్లేటు అదిరింది. బావ మొహం చూడాలి! కొత్త ఆంప్ ఖర్చు తప్పింది, మరిది పరువు మాత్రం పోయింది.

ఎంత పోతుంది, ఎంత వస్తుంది

లెక్క చూద్దాం. ఇంటర్వ్యూలో అంకె చెబితే వచ్చే బలం వేరు. ఒకేలాంటి రెండు ఊఫర్లు ఒకే దిశలో పనిచేస్తే ధ్వని పీడనం రెట్టింపవుతుంది, అంటే 6 డీబీ పెరుగుతుంది. ఒకటి ఎదురు తిరిగితే సిద్ధాంతం ప్రకారం మొత్తం సున్నా. నిజంగా అంత పూర్తిగా పోదు కానీ బేస్‌లో దాదాపు అలాగే ఉంటుంది. ఎందుకంటే ధ్వని వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. 50 హెర్ట్జ్ దగ్గర తరంగ దైర్ఘ్యం 6.8 మీటర్లు. రెండు ఊఫర్ల మధ్య దూరం అర మీటరు కూడా లేదు. అంత పెద్ద తరంగానికి రెండూ ఒకే చోట ఉన్నట్టే లెక్క. అందుకే కారులో ఎక్కడ కూర్చున్నా ఒకదాన్నొకటి మింగేస్తాయి. అదే 2000 హెర్ట్జ్ అయితే తరంగం 17 సెంటీమీటర్లే. తల కొంచెం కదిపితే ఒకచోట వినపడుతుంది, ఇంకోచోట వినపడదు. తప్పు పోలారిటీ అనగానే మొదట బేస్ పోతుందని చెప్పడం వెనక కారణం ఇదే.

కోన్లు ఎక్కువగా ఊగడానికీ లెక్క ఉంది. బావ బాక్సులో మధ్య గోడ లేదు, రెండు ఊఫర్లకీ ఒకటే గది. మామూలుగా బాక్సులోని గాలి స్ప్రింగులా అడ్డుపడుతుంది. ఒకటి లోపలికి నెట్టిన గాలిని రెండోది బయటికి లాగేస్తుంటే ఆ స్ప్రింగు ఉండదు. కోన్లకి అడ్డు తగ్గిపోతుంది. శబ్దం రావట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే ఊఫర్లే దెబ్బతినొచ్చు. పెద్ద ఆంప్ కొనుంటే జరిగేది అదే.

మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు కదా అంటారా? రెసిస్టెన్స్ మోడ్‌లో పెడితే వైర్లు ఎటు మార్చినా అంకె ఒకటే. కానీ డీసీ మిల్లీవోల్ట్‌లో పెట్టి కోన్‌ని చేత్తో మెల్లగా నొక్కండి. కాయిల్ మాగ్నెట్ వైపు కదిలినప్పుడు ప్లస్ టెర్మినల్ దగ్గర నెగెటివ్ వోల్టేజ్ కనిపిస్తుంది. స్పీకర్ జనరేటర్‌గా మారింది. ఫ్యారడే సూత్రాన్ని ఇంత చౌకగా ఇంకెక్కడ చూస్తారు?

రంగుల మాట కూడా చెప్పాలి. ఎరుపంటే ప్లస్ అన్నది మనుషులు పెట్టుకున్న అలవాటు. జేబీఎల్ పాత ప్రొఫెషనల్ స్పీకర్లలో నల్ల టెర్మినల్‌కి పాజిటివ్ ఇస్తేనే కోన్ ముందుకొచ్చేది. తర్వాత వాళ్లూ అందరి దారికి వచ్చారు. పాత సరుకు చేతికొస్తే రంగు చూసి నమ్మకండి, బ్యాటరీ తాకించి చూడండి.

ఒకటే ఊఫర్ ఉంటే? రెండూ తిరగేస్తే?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రెండిట్లో ఒకటే తిరగేస్తే దాని వైర్లు మార్చాలి, ఇందులో సందేహం లేదు. రెండూ తిరగేస్తే వాటి మధ్య గొడవ ఉండదు. రెండూ కలిసి నెడతాయి, కలిసి లాగుతాయి. ఒకటే ఉండి దాన్నే తిరగేసినా తనతో తనకి గొడవ లేదు. కానీ ముందు డోర్లలో స్పీకర్లున్నాయి కదా, వాటితో పొత్తు కుదరాలి. వైర్లు మార్చకపోతే ఊఫర్ వాటికి ఎదురు తిరిగినట్టు. కాబట్టి ముందు వైర్లు మార్చండి, తర్వాత వినండి. 'తర్వాత వినండి' అన్నానంటే, మార్చడంతోనే పని పూర్తి కాదని. ఇక్కడే పోలారిటీ కథ ముగిసి ఫేజ్ కథ మొదలవుతుంది. నా ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

డబుల్ వాయిస్ కాయిల్ ఊఫర్లున్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఒకే కోన్‌కి రెండు కాయిల్స్, నాలుగు టెర్మినల్స్ ఉంటాయి. తిరగేసినప్పుడు రెండు కాయిల్స్‌నీ కలిపే మార్చాలి. హడావుడిలో ఒకటే మారిస్తే ఒక కాయిల్ ముందుకి, రెండోది వెనక్కి లాగుతాయి. కోన్ కదలదు, కరెంటు మాత్రం వేడిగా మారిపోతుంది. కాసేపటికి కాలిన వాసన వస్తుంది.

పోలారిటీ వేరు, ఫేజ్ వేరు

పోలారిటీ మార్చడం అంటే సిగ్నల్‌ని తలకిందులు చేయడం. పైనున్నది కిందికి, కిందున్నది పైకి. ఇందులో కాలం లేదు, ఆలస్యం లేదు. 20 హెర్ట్జ్ అయినా 20,000 హెర్ట్జ్ అయినా ఒకటే. ఫేజ్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర తరంగం తన చక్రంలో ఎక్కడుందన్న లెక్క. ఆలస్యం వస్తే ఫేజ్ మారుతుంది, ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా మారుతుంది.

కారులోనే చూద్దాం. డ్రైవరు చెవికి డోర్ స్పీకర్ మీటరు దూరంలో ఉందనుకోండి. డిక్కీలో ఊఫర్ 2.7 మీటర్లు. తేడా 1.7 మీటర్లు, అంటే 5 మిల్లీసెకన్ల ఆలస్యం. 50 హెర్ట్జ్ చక్రం 20 మిల్లీసెకన్లు, కాబట్టి 5 అంటే పావు చక్రం, 90 డిగ్రీలు. 100 హెర్ట్జ్ చక్రం 10 మిల్లీసెకన్లు, కాబట్టి సగం చక్రం, 180 డిగ్రీలు. 200 హెర్ట్జ్ దగ్గర పూర్తి 360. ఆలస్యం ఒకటే, డిగ్రీలు మూడు రకాలు. "ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర?" అని ఆయన అడిగింది ఇందుకు. సైన్ వేవ్ ఒక్కటే ఉంటే 180 డిగ్రీల ఫేజ్, పోలారిటీ మార్పు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాటలో ఒక్క సైన్ వేవ్ ఉండదు.

ఇప్పుడు ఆంప్ మీద '0 / 180 ఫేజ్' అని రాసున్న స్విచ్ చూడండి. అది పేరుకే ఫేజ్, చేసే పని పోలారిటీ మార్చడమే. కొన్ని ఆంప్‌లలో 0 నుంచి 180 దాకా తిరిగే నాబ్ ఉంటుంది. దాని లోపల ఆల్‌పాస్ ఫిల్టర్ ఉంటుంది. అది నిజంగా ఫేజ్ మార్చేది, అదీ ఫ్రీక్వెన్సీని బట్టి.

క్రాసోవర్ కూడా ఇందులో చెయ్యి పెడుతుంది. ఊఫర్‌కి 80 హెర్ట్జ్ దగ్గర లోపాస్, డోర్ స్పీకర్లకి అక్కడే హైపాస్ పెట్టారనుకోండి. ఆక్టేవ్‌కి 12 డీబీ వాలు ఉన్న ఫిల్టర్లయితే 80 హెర్ట్జ్ దగ్గర లోపాస్ 90 డిగ్రీలు వెనక్కి, హైపాస్ 90 డిగ్రీలు ముందుకి జరుపుతాయి. రెండిటి మధ్య తేడా 180. వైర్లన్నీ సవ్యంగా ఉన్నా సరిగ్గా ఆ 80 దగ్గర గుంట పడుతుంది. ఒకవైపు పోలారిటీ మారిస్తే పూడుతుంది. ఆక్టేవ్‌కి 24 డీబీ లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్‌లో తేడా 360, మార్చక్కర్లేదు. దీనిమీద దూరం వల్ల వచ్చే ఆలస్యం కూడా కలుస్తుంది. అందుకే, ఒంటి ఊఫర్‌ని తిరగేసినప్పుడు వైర్లు సిద్ధాంతం ప్రకారం మార్చినా, చివరికి డ్రైవరు సీట్లో కూర్చుని క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్ పెట్టి, స్విచ్ అటూ ఇటూ వేసి, ఎక్కువ వినిపించినచోట ఉంచాలి. రెండు ఊఫర్ల మధ్య తగువు బ్యాటరీతో తేలుతుంది. ఊఫర్‌కీ డోర్ స్పీకర్‌కీ మధ్య తగువు చెవితోనో, మైకుతోనో తేల్చాలి.

కావాలనే ఇలా తిరగేసేవాళ్లూ ఉన్నారు. కోన్‌ని పట్టుకునే స్పైడర్, సరౌండ్ రెండు వైపులకీ ఒకేలా సాగవు. ఒకటి మామూలుగా, ఒకటి తిరగేసి, వైర్లు మార్చి నడిపితే ఆ అసమానతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఈవెన్ హార్మోనిక్స్ తగ్గుతాయి. పుష్-పుల్ అంటారు. హ్యారీ ఓల్సన్ 1950ల తొలినాళ్లలో పరిచయం చేసిన ఐసోబారిక్ పద్ధతిలో రెండు ఊఫర్లని మొహానికి మొహం ఆనించి బిగించినప్పుడు కూడా ఒకదానికి వైర్లు తిరగేస్తారు. చెక్క బాక్సే సగానికి తగ్గిపోతుంది.

రూపాయి ఖర్చు లేని ప్రయోగం

ఊఫర్ లేదు, కారు లేదు, హాస్టల్ గదిలో లాప్‌టాప్ ఉంది. చాలు. ఉచితంగా దొరికే ఆడాసిటీ వేసుకోండి. 100 హెర్ట్జ్ టోన్ ఒక మోనో ట్రాక్‌లో తయారుచేసి, దాన్ని ఇంకో ట్రాక్‌లోకి కాపీ చేయండి. రెండోదాన్ని ఎంచుకుని ఇన్వర్ట్ కొట్టండి. ఇయర్‌ఫోన్స్‌లో వినండి, నిశ్శబ్దం. ఇప్పుడు రెండో ట్రాక్‌ని 5 మిల్లీసెకన్లు పక్కకి జరపండి. శబ్దం రెట్టింపై తిరిగొస్తుంది. ఇదే పని 200 హెర్ట్జ్ టోన్‌తో చేయండి. ఇన్వర్ట్ చేసి 5 మిల్లీసెకన్లు జరిపినా నిశ్శబ్దమే. ఎందుకో కాగితం మీద రాసుకోండి. ఆ అరపేజీ రాయగలిగితే నేను ఓడిపోయిన ప్రశ్న మీరు గెలిచినట్టే. ఓపికుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ గదిలోని స్పీకర్ల ఫేజ్ గ్రాఫ్ తీయండి. ప్రాజెక్టుకి సరిపోతుంది.

ఎక్కడ పనికొస్తుంది?

ఈ తెలివి కార్ డెకార్ షాపుకే పరిమితం కాదు. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర కియా ఉంది, శ్రీసిటీలో ఇసుజు ఉంది. మా ఊరి నుంచి రైలెక్కితే చెన్నై, అక్కడ హ్యుందాయ్. 2017లో శాంసంగ్ కొన్న హార్మన్‌కి బెంగళూరులో ఇంజినీరింగ్ కేంద్రం, పుణె దగ్గర చాకన్‌లో ఫ్యాక్టరీ ఉన్నాయి. మహీంద్రా ఎలక్ట్రిక్ కార్లలో 16 స్పీకర్ల దాకా వస్తున్నాయి. అన్ని స్పీకర్లున్నప్పుడు ఒక్కదాని వైరు తిరగబడినా పట్టుకునేవాళ్లు కావాలి. ఎండ్ ఆఫ్ లైన్ టెస్టింగ్, వైరింగ్ హార్నెస్ డిజైన్, ఆడియో వాలిడేషన్, డీఎస్పీ ట్యూనింగ్, ఎన్‌వీహెచ్ అంటే శబ్దం, కంపనాల విభాగం. ఇవన్నీ ఉద్యోగ ప్రకటనల్లో వెతకదగ్గ పేర్లు. కారులో రోడ్డు రొదని స్పీకర్లతోనే తగ్గించే టెక్నాలజీ కూడా బావ కారులో జరిగిన 'తప్పు'నే తెలివిగా వాడుకుంటుంది.

మీ బ్రాంచి ఆడియోకి దూరమా? ఈఈఈ వాళ్లని ట్రాన్స్‌ఫార్మర్లో డాట్ కన్వెన్షన్ ఎందుకని అడుగుతారు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లని తప్పు పోలారిటీతో పారలల్‌గా కలిపితే ఊఫర్లలో లాగా బేస్ పోవడంతో సరిపెట్టుకోదు, షార్ట్ సర్క్యూటే. ఈసీఈ వాళ్లని కారులోని క్యాన్ బస్‌కి రెండు వైర్లెందుకని అడుగుతారు. రెండిట్లో సిగ్నల్ ఎదురెదురుగా వెళ్తుంది, బయటి నాయిస్ రెండిట్లోనూ ఒకేలా పడుతుంది, తేడా తీస్తే నాయిస్ పోతుంది. అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: 'ప్లస్' అంటే దేన్ని బట్టి ప్లస్?

రెజ్యూమె గురించి ఒక్క మాట. మా వీధి తమ్ముడు మొదట తన రెజ్యూమెలో "కార్ యాక్సెసరీస్ షాప్, హెల్పర్, 7 నెలలు" అని రాసుకున్నాడు. నాకు చూపిస్తే తీసేయించాను. ఇద్దరం కూర్చుని ఇలా రాశాం: "రెండు సబ్‌ఊఫర్ల సిస్టమ్‌లో బేస్ లేదన్న ఫిర్యాదు. కోన్ కదలికని బట్టి ఆంప్లిఫయర్ లోపం కాదని తేల్చాను. డీసీ పల్స్ పరీక్షతో, తిరగేసి బిగించిన ఊఫర్ పోలారిటీ తప్పని గుర్తించి సరిచేశాను. కస్టమర్‌కి కొత్త ఆంప్లిఫయర్ ఖర్చు తప్పింది." అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇది చదివిన ఇంటర్వ్యూయర్ తర్వాత ఏం అడుగుతాడో ఊహించడం కష్టం కాదు. "రెండూ తిరగేసి ఉంటే?" అని అడుగుతాడు. దానికి జవాబు మనవాడి దగ్గర ఎప్పుడూ ఉంది. అతనిప్పుడు చెన్నై శివార్లలో ఒక వైరింగ్ హార్నెస్ యూనిట్లో టెస్టింగ్ టెక్నీషియన్.

అన్నట్టు, బావ కారు కథలో ఇంకో ముక్క మిగిలింది. ఎనిమిది నెలల తర్వాత ఫోన్ చేశాడు, "మళ్లీ పోయిందిరా బేస్!" వేరే ఏదో పనికి కారు ఇచ్చినచోట, ఎవరో మంచి మనసున్న మెకానిక్, ఎర్ర వైరు మైనస్‌లో ఉండటం చూసి పాపం సరిచేసి పెట్టాడంట. మేమేమో ఎక్కడా రాసిపెట్టలేదు. ఫోన్‌లోనే చెప్పి వైర్లు మళ్లీ మార్పించాను. ఇప్పుడా మాగ్నెట్ మీద బావ చేతిరాతతో, తెల్ల పెయింట్‌తో రాసుంది: "తిరగేసిన ఊఫర్. వైర్లు కావాలనే మార్చినాం. ముట్టుకోబాకండి."